గుండె రాయి చేసుకున్న మాస్టారు

క్వార్టర్ ఫైనల్లో చివరి బంతి అవతలి కోర్టు మూలన, సరిగ్గా గీత మీద పడింది. గీత దగ్గరున్న జడ్జి జెండా కిందికి దించగానే బిస్కెట్ ఫ్యాక్టరీ అమ్మాయిలు ఒకరి మీద ఒకరు పడి కుప్పయ్యారు. బెంచీ మీదున్నవాళ్ళు కూడా పరుగెత్తుకెళ్ళి ఆ కుప్పలో దూకారు. వాలీబాల్ పోటీల్లో ఆ ఫ్యాక్టరీ జట్టు సెమీఫైనల్ మొహం చూడటం అదే మొదటిసారి మరి.

కుప్పలోంచి ముందుగా తల బయటపెట్టింది కెప్టెన్. ప్యాకింగ్ సెక్షన్లో పనిచేసే ఆ అమ్మాయి ఎంత పొడుగంటే ఫ్యాక్టరీలో అందరూ నిచ్చెన అనే పిలుస్తారు. ఆమె కళ్ళు మాస్టారి కోసం వెతికాయి. మాస్టారు ఆ ఫ్యాక్టరీలోనే మెషిన్లు బాగుచేసే ఫిట్టరు. డ్యూటీ దిగాక జట్టుకి కోచ్. గెలిచిన ప్రతిసారీ తువ్వాలు గాల్లో తిప్పుతూ కోర్టు చుట్టూ ఒక పరుగు పెట్టడం ఆయనకి అలవాటు. ఆ సాయంత్రం పరుగు లేదు. బెంచీ వెనక నేల మీద కూలబడి, గోడకి ఆనుకుని, కుడిచేత్తో ఎడమ భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాడు. మొహం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. చెమట ధారలుగా కారుతోంది.

"గెలిచాం మాస్టారూ" అంది నిచ్చెన, ఏమనాలో తెలియక.

"చూశాను" అన్నాడాయన. "మా అమ్మాయిని పిలు. గుండెల మీద ఎవరో బండ పెట్టినట్టుంది."

కూతురు అప్పటికే గ్యాలరీ మెట్లు రెండేసి చొప్పున దూకుతూ వస్తోంది. స్టేడియం అంబులెన్సు కాసేపటి క్రితమే మోకాలు విరిగిన ఒక ఆటగాణ్ణి తీసుకెళ్ళింది. ఇంకొకటి రావాలంటే ఆలస్యమవుతుందన్నారు. ఆమె మారుమాట్లాడకుండా కారు తాళాలు తీసింది. జనానికి కారు నడపడం నేర్పడమే ఆమె వృత్తి. ఆ కారు నెత్తిన ఎర్రక్షరాలతో ఒక బోర్డు ఉంటుంది: "నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి". తండ్రిని వెనక సీట్లో పడుకోబెట్టి, ఆయన తల ఒళ్ళో పెట్టుకుని జట్టులో ఒకమ్మాయి కూర్చుంది. నిచ్చెన ముందు సీట్లో ఇరుక్కుంది.

ఆ బోర్డు చూసి ఊళ్ళో బళ్ళన్నీ భయంతో పక్కకి జరిగాయి. బస్సులు కూడా దారిచ్చాయి. కారు సందుల్లోంచి, మార్కెట్ వెనక రోడ్డు మీంచి, కూరగాయల లారీలని రాసుకుంటూ దూసుకుపోయింది. కూతురి గొంతు మాత్రం పాఠం చెప్పేటప్పుడు ఉన్నంత నింపాదిగా ఉంది.

"నాన్నా, మాట్లాడుతూ ఉండు."

"ఏం మాట్లాడను?"

"ఏదో ఒకటి. మ్యాచ్ గురించి చెప్పు."

"రెండో సెట్లో సర్వీసు అందుకోవడం చెత్తగా ఉంది" అన్నాడు, పళ్ళ బిగువున.

"సారీ మాస్టారూ" అంది ముందు సీట్లోంచి నిచ్చెన. అంతలో ఒక లారీ అడ్డం వచ్చింది. నిచ్చెన కెవ్వుమని రెండు కాళ్ళూ నేలకేసి తన్నింది. ఆ సీటు ముందు, పాఠం చెప్పేవాళ్ళ కోసం పెట్టిన రెండో బ్రేకు ఉంది. కారు కీచుమంటూ ఆగిపోయింది. అందరూ ముందుకి తూలారు.

"కాళ్ళు పైకి పెట్టుకో తల్లీ" అంది కూతురు. "ఆస్పత్రి వచ్చేదాకా దించకు."

నిచ్చెన తన పొడుగాటి కాళ్ళు మడిచి గడ్డం కింద పెట్టుకుని కూర్చుంది. అలాగే ఆస్పత్రి గేటు దాటారు.

గుండెకి రక్తం తీసుకెళ్ళే నాళం ఒకటి పూడుకుపోయిందని, వెంటనే తెరిచి స్టెంటు వేశారు. ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేదాన్నని గుండె డాక్టరమ్మ అంది. మాస్టారి భార్య కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పనిలో ఉండగా కబురందింది. చేతికున్న గుడ్డ తొడుగు కూడా విప్పకుండా వచ్చి, ఆ రాత్రంతా ఐసీయూ బయట అలాగే కూర్చుంది.

మర్నాడు డాక్టరమ్మ మంచం పక్కకి కుర్చీ లాక్కుని ఒక్కొక్కటే అడిగింది. సిగరెట్లు? కూతురు పుట్టినప్పుడే మానేశాడు. షుగరు? లేదు. బీపీ? ఈ మధ్య ఎక్కువ ఉంటోందని ఫ్యాక్టరీ నర్సు అంది, ఆయన పట్టించుకోలేదు. ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బు? తండ్రికి ఉండేది.

"ఈ మధ్య ఏదైనా పెద్ద కష్టం వచ్చిందా?"

"అలాంటిదేం లేదండీ" అన్నాడు మాస్టారు.

తల్లీకూతుళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మా బాబాయి పోయాడు డాక్టర్‌గారూ" అంది కూతురు. "వానలో బైకు జారి. ఏడాది కూడా కాలేదు."

మాస్టారు మొహం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

ఆ అన్నదమ్ముల్ని ఫ్యాక్టరీలో జంటగా తప్ప విడిగా చూసినవాళ్ళు లేరు. తమ్ముడు ఎలక్ట్రీషియను. పెళ్ళి చేసుకోలేదు. అన్నావదినల ఇంటి మీది గదిలో ఉండేవాడు. జట్టుకి ఇద్దరూ కోచ్‌లే. పెద్ద మాస్టారు, చిన్న మాస్టారు. బెంచీ మీద పక్కపక్కనే కూర్చుని మ్యాచ్ పొడుగునా పోట్లాడుకునేవారు. ఈ అమ్మాయిని దించమని ఒకరు, దించితే మ్యాచ్ పోయినట్టేనని ఇంకొకరు. వాళ్ళ గొడవ వినడానికే కొంతమంది మ్యాచ్‌లకి వచ్చేవారు. తమ్ముడు పోయిన మూడోనాడే మాస్టారు పనిలోకి వచ్చేశాడు. కన్నీటి చుక్క రాలలేదు. జోకులు మానలేదు. ఫ్యాక్టరీలో అందరూ ఆయన గుండె రాయి చేసుకున్నాడన్నారు, మెచ్చుకోలుగానే. తమ్ముడి ఊసెత్తితే మాత్రం మాట మార్చేసేవాడు. రాత్రిళ్ళు నిద్రపోవడం లేదని భార్యకొక్కతెకే తెలుసు.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పను" అంది డాక్టరమ్మ. "మీ నాన్నగారి వైపు నుంచి వచ్చిందీ ఉంది, పట్టించుకోని బీపీ ఉంది. కానీ మనసులో పెట్టుకున్న దిగులు మనసులోనే ఉండిపోదు మాస్టారూ. నెలల తరబడి ఒళ్ళు అపాయంలో ఉన్నట్టే పనిచేస్తుంది. రక్తనాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది. నిద్ర పట్టదు. ఆ బరువంతా చివరికి గుండె లాగాలి."

"నేను బానే ఉన్నానండీ" అన్నాడాయన, స్టెంటు వేసి ఒక రోజు కూడా కాకుండానే.

ఇంటికి తీసుకొచ్చిన రోజు నుంచీ భార్య ఆయన్ని గాజుబొమ్మలా చూసుకుంది. గుండె జబ్బు మనుషులకి ఉద్రేకం పనికిరాదని షాపులో ఎవరో అన్నారు. దాంతో టీవీ పక్కింటికి వెళ్ళిపోయింది. ఆయన ఫోను ఆమె హ్యాండ్‌బ్యాగులో చేరింది. తలుపులు చప్పుడవకుండా అంచులకి గుడ్డలు అంటించింది. ఇంట్లో అందరూ గుసగుసగా మాట్లాడటం మొదలెట్టారు. జట్టు అమ్మాయిలు బిస్కెట్ల డబ్బా పట్టుకుని చూడటానికొస్తే గుమ్మంలోనే ఆపేసింది.

"ఆట కబుర్లేవీ ఆయన చెవిన పడకూడదు" అంది. "గెలిచినా సరే, ఓడినా సరే. మీకు దణ్ణం పెడతాను."

నిచ్చెన బిక్కమొహం వేసుకుని డబ్బా ఆమె చేతికిచ్చి వెనుదిరిగింది. జట్టుని ఇక తనే నడపాలని ఆ గుమ్మం దగ్గరే ఆమెకి అర్థమైంది.

లోపల మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉండేవాడు. ఎదురుగా ఒక గోడ, దాని మీద నీళ్ళ పైపు. ఉప్పులేని సూపు రెండు చెంచాలు తాగి పక్కన పెట్టేవాడు. నడవమంటే తర్వాత అనేవాడు. మందులు ఒక్కో పూట మింగేవాడు, ఒక్కో పూట దిండు కింద పెట్టేవాడు. కూతురిని భయపెట్టింది అవేవీ కావు. సెమీఫైనల్ రోజు వచ్చింది, వెళ్ళింది. ఆయన ఏమైందని అడగలేదు. వాలీబాల్ తప్ప లోకం తెలియని మనిషి ఫలితం కూడా అడగలేదు.

ఆమె తల్లితో చెప్పకుండా ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ స్కాన్ చూసింది, తూకం చూసింది, తర్వాత మనిషిని చూసింది.

"నిన్న ఏం చేశారు మాస్టారూ?"

"కిటికీ చూశాను."

"మొన్న?"

ఆయన కళ్ళు ఆ గది కిటికీ వైపు పోయాయి. డాక్టరమ్మ ఫోను తీసి భార్యకి తనే చేసింది, ఇద్దరూ వినేలా స్పీకరు పెట్టి.

"అమ్మా, ఆయన సంతోషపడితే ఏమవుతుందోనని మీ భయం. నా భయం వేరు. గుండెపోటు వచ్చినవాళ్ళు దిగుల్లో కూరుకుపోతే తొందరగా కోలుకోరు. తిండి మానేస్తారు, నడక మానేస్తారు, మందులు మానేస్తారు. మళ్ళీ పోటు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇప్పుడు ఈయన గుండెకన్నా మీ ఇంట్లో ఉన్న నిశ్శబ్దం నన్ను ఎక్కువ భయపెడుతోంది."

 అవతలి నుంచి "నేనేం చెయ్యనండీ, ఆయన నిద్రలో కదలకపోతే నా ప్రాణం పోతోంది" అని వినిపించింది.

ఆస్పత్రి కింది అంతస్తులో గుండె రోగులకి వ్యాయామం క్లాసు ఉంది. అక్కడే ఒక సైకాలజిస్టు కూర్చుంటుంది. రెండింటికీ వెళ్ళాలంది డాక్టరమ్మ.

"సైకాలజిస్టా? నాకేం పిచ్చా?" మాస్టారికి చాలా రోజుల తర్వాత కోపం వచ్చింది. కూతురికి ఆ కోపం చూస్తే ప్రాణం లేచొచ్చింది.

"పిచ్చని ఎవరన్నారు? మీ ఫ్యాక్టరీలో మోటారు వేడెక్కి కాలిపోయిందనుకోండి. కొత్త మోటారు బిగించి ఊరుకుంటారా, అది ఏం బరువు లాగుతోందో కూడా చూస్తారా?"

 "బేరింగు పట్టేసిందేమో చూస్తాం" అని ఒప్పుకున్నాడు మాస్టారు.

ఆ క్లాసు జరిగే గది పొడుగ్గా, తక్కువ ఎత్తు పైకప్పుతో ఉంటుంది. ఒక గోడకి నడక మెషిన్లు, ఇంకో గోడకి ప్లాస్టిక్ కుర్చీలు. ఛాతీకి పట్టీలు కట్టుకుని నడుస్తుంటే నర్సు తెర మీద అందరి గుండెచప్పుళ్ళూ చూస్తుంటుంది. నడక అయ్యాక కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడుకోవాలి. అక్కడ ఒక టాక్సీ డ్రైవరు ఉన్నాడు, నోటికి మూత ఉండదు. హైస్కూలు ప్రిన్సిపాల్ ఒకావిడ ఉంది, ఎవరు మాట్లాడబోయినా చెయ్యెత్తమంటుంది. కేకుల షాపు ఆయన ఉన్నాడు, తను చేసేవి తను తినకూడదని రోజూ వాపోతాడు.

మొదట్లో మాస్టారు నోరు విప్పలేదు. ఒకరోజు ప్రిన్సిపాల్ మాట్లాడింది. గుండెపోటు వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే కళ్ళు తెరవగానే ఇవాళ కూడా ఎందుకు లేవాలా అనిపిస్తోందని, తన స్కూల్లో ఎవరికీ ఈ మాట చెప్పలేనని అంది. ఎప్పుడూ బెత్తంలా నిటారుగా కూర్చునే మనిషి ఆ మాట అంటూ తల దించుకుంది. 

"నేను పక్కకి తిరుగుతానండీ" అన్నాడు మాస్టారు ఉన్నట్టుండి.

అందరూ ఆయన వైపు చూశారు.

"మా తమ్ముడు ఎప్పుడూ నా ఎడంపక్కనే కూర్చునేవాడు. ఎవరైనా మంచి షాట్ కొడితే చెబుదామని అటు తిరుగుతాను. అక్కడ ఎవరూ ఉండరు. ఇక్కడ కలుక్కుమంటుంది." ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "రోజూ అంతే. పని దగ్గరా అంతే. తిరగడం మానుకోలేకపోతున్నాను. వాడికి చెప్పాల్సినవి పోగుపడిపోయాయి."

"ఏం చెప్పాలి?" అని అడిగింది సైకాలజిస్టు, మెల్లిగా.

"ఏముందండీ, తిట్లే" అన్నాడు. నవ్వబోయాడు. అది దగ్గులోకి దిగింది. టాక్సీ డ్రైవరు అంతటివాడు నోరెత్తకుండా మంచినీళ్ళ గ్లాసు అందించాడు.

ఆ తర్వాత ఆయన నడక మెషిను మీద వేగం పెరిగింది. పెరిగిందంటే నర్సు అరిచేటంత పెరిగింది. ఒక మధ్యాహ్నం ఎవరి పుట్టినరోజుదో ఒక బెలూను ఆ గదిలో మిగిలిపోయి ఉంది. టాక్సీ డ్రైవరు దాన్ని ఊరికే తన్నాడు. బెలూను తేలుకుంటూ మాస్టారి వైపు వచ్చింది. ఆయన రెండు చేతుల వేళ్ళూ పైకి విప్పి, తేలిగ్గా, అందంగా దాన్ని ప్రిన్సిపాల్ నెత్తి మీదికి లేపాడు.

"కొట్టండి మేడం" అన్నాడు.

ఆవిడ కొట్టింది. బెలూను పోయి కేకుల షాపాయన బట్టతల మీద పడింది.

ఇంకేముంది, వారం తిరిగేసరికి ఆ గదిలో రెండు కుర్చీల మధ్య తాడు కట్టారు. నర్సు గుండెచప్పుళ్ళ తెర ముందు నుంచి కదలకుండా రిఫరీ అయింది. ఎవరి గుండె వేగమైనా హద్దు దాటితే ఈల వేసి కూర్చోబెట్టేది. మాస్టారు కోచ్ అయ్యాడు. టాక్సీ డ్రైవర్ని మోకాళ్ళు వంచమన్నాడు, కేకుల షాపాయన్ని బెలూను మీంచి కళ్ళు తియ్యొద్దన్నాడు. పక్క వార్డుల నర్సులు తలుపులోంచి తొంగి చూసి ఎవరు గెలుస్తున్నారని అడిగేవారు. ప్రిన్సిపాల్ ఓడిపోతే అలిగేది, మర్నాడు అందరికన్నా ముందొచ్చేది.

అలాంటి ఒక ఆట మధ్యలో టాక్సీ డ్రైవరు ఊరికే అన్నాడు: "మీ ఫ్యాక్టరీ వాళ్ళు ఫైనల్‌కొచ్చారుగా మాస్టారూ. ఆదివారం ఓడరేవు జట్టుతోనట. టికెట్లు దొరకట్లేదు."

బెలూను మాస్టారి చేతుల మధ్య నుంచి నేల మీద పడింది.

ఆయన ఇంటికి వచ్చిన తీరు చూసి భార్యకి విషయం అర్థమైపోయింది.

"సెమీఫైనల్ గెలిచారటగా."

"గెలిచారు."

"నాకు చెప్పలేదే?"

"చెప్తే లేచి గంతులేస్తారని" అంది ఆమె. చేతిలో గిన్నె కింద పెట్టేసింది. "ఆ రోజు గెలిచాకే కదండీ పడిపోయారు. మళ్ళీ అలాంటి రోజు చూసే ఓపిక నాకు లేదు. మీకు మెషిన్లున్నాయి చూడ్డానికి, డాక్టర్లున్నారు. నా గుండె ఎలా కొట్టుకుంటోందో ఎవరైనా అడిగారా?"

 ఆమె చెప్పింది నిజం. ఎవరూ అడగలేదు, ఆయనతో సహా.

"నువ్వు కూడా రా" అన్నాడు. "ఆ క్లాసుకి. ఇంట్లోవాళ్ళు కూడా రావచ్చు. ఆ సైకాలజిస్టు అమ్మాయి మనం చెబితే వింటుంది, ఊరికే వింటుంది. బాగుంటుంది." తర్వాత గొంతు తగ్గించి, "ఫైనల్ సంగతి డాక్టరమ్మ చెప్పినట్టే చేద్దాం. వద్దంటే వెళ్ళను" అన్నాడు.

డాక్టరమ్మ ఆయన్ని పరిగెత్తించే పరీక్ష పెట్టింది. ఒంటినిండా వైర్లు అంటించి, నడక మెషిను ఏటవాలు పెంచుతూ పోయింది. భార్య గోడకి అంటుకుపోయి తెర మీద గీతల్ని చూసింది. గీతలు ఎగిరెగిరి పడ్డాయి, ఎక్కడా లయ తప్పలేదు. డాక్టరమ్మ మెషిను ఆపి, వెళ్ళొచ్చంది. కోచ్‌గా కాకుండా ప్రేక్షకుడిగా వెళ్ళాలి. నాలుక కింద కొట్టుకునే స్ప్రే జేబులో ఉండాలి. నొప్పి వస్తే దాచకూడదు.

"అన్నిటికన్నా ఆ చివరిదే కష్టం ఆయనకి" అంది భార్య.

ఆదివారం స్టేడియం కిక్కిరిసిపోయింది. ఓడరేవు జట్టు అమ్మాయిలు కోర్టులోకి వస్తుంటే నేల అదిరినట్టుంది. ఎప్పుడూ కప్పు వాళ్ళదే. మాస్టారు భార్యకీ కూతురికీ మధ్య, మూడో వరసలో కూర్చున్నాడు. వెనక వరస మొత్తం గుండె రోగుల క్లాసు. ప్రిన్సిపాల్ స్కూల్లో వాడే గంట తెచ్చుకుంది. నిచ్చెన కోర్టులోంచి పైకి చూసింది, మాస్టారు కనిపించాడు, ఒక్క క్షణం ఆమె నోరు తెరుచుకుపోయింది. తర్వాత పరుగెత్తుకెళ్ళి మిగతావాళ్ళకి చూపించింది. జట్టు జట్టంతా గ్యాలరీ వైపు తిరిగి చేతులూపింది.

మొదటి సెట్ ఓడరేవు జట్టు చిటికెలో లాగేసుకుంది. రెండోది నిచ్చెన సర్వీసులతో బిస్కెట్ ఫ్యాక్టరీకి దక్కింది. మూడోది పోయింది. నాలుగోది ఎంతకీ తెగలేదు. ఒక పాయింటు వీళ్ళది, వెంటనే ఒకటి వాళ్ళది. వాలీబాల్లో ఎటువైపు ఎంతమంది ఉంటారో కూడా తెలియని భార్య, బంతి తమ వైపు వచ్చినప్పుడల్లా కూతురి తొడ గిల్లుతోంది. నిచ్చెన వల పైకి లేచి రెండు చేతులూ గోడలా పెట్టి ఆపిన బంతితో నాలుగో సెట్ కూడా ఫ్యాక్టరీదే అయింది. స్టేడియం లేచి నిలబడింది.

సరిగ్గా అప్పుడు మాస్టారి గుండె దడదడలాడటం మొదలెట్టింది. చెవుల్లో వినిపిస్తోంది. అరచేతులు తడిశాయి. పాత భయం మళ్ళీ వచ్చింది. అంతకుముందైతే పళ్ళు బిగించి, ఏం లేదనేవాడు. ఆయన భార్య చెయ్యి పట్టుకున్నాడు.

"భయమేస్తోంది" అన్నాడు.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఆయన నోట ఆ మాట వినలేదు. ఆమె మొహంలో రక్తం లేదు. అయినా చెయ్యి వదల్లేదు.

"నొప్పుందా?"

"లేదు."

"భుజం?"

"లేదు. కొట్టుకుంటోంది, అంతే. గట్టిగా కొట్టుకుంటోంది."

"నాది కూడా" అంది ఆమె. "చూడండి." ఆయన చెయ్యి తీసి తన మణికట్టు మీద పెట్టింది. నాడి గుర్రంలా పరిగెడుతోంది. వెనక నుంచి టాక్సీ డ్రైవరు వంగి, తనది ఇంకా వేగంగా ఉందని చెయ్యి చాపాడు. ప్రిన్సిపాల్ కూడా చాపింది. మాస్టారు క్లాసులో నేర్పినట్టు నెమ్మదిగా ఊపిరి తీసి, అంతకన్నా నెమ్మదిగా వదిలాడు. మళ్ళీ తీశాడు. దడ పూర్తిగా పోలేదు. దాన్ని చూసి భయం మాత్రం పోయింది. ఆ గుండెకి ఇప్పుడు కొట్టుకోవడానికి మంచి కారణమే ఉంది.

అయిదో సెట్‌లో చివరి పాయింటుకి బంతి ఎంతకీ కిందపడలేదు. ఓడరేవు అమ్మాయిలు కొట్టారు, ఫ్యాక్టరీ అమ్మాయిలు నేల మీద పాకి లేపారు. వీళ్ళు కొట్టారు, వాళ్ళు బెంచీల మీదికి దూకి వెనక్కి పంపారు. ఒకసారి బంతి తన వైపు పడిపోబోతుంటే నిచ్చెన ఆ పొడుగు కాలు చాపి పాదంతో లేపింది. స్టేడియంలో అరుపులు ఆగిపోయాయి, అరవడానికి ఎవరికీ ఊపిరి లేదు. చివరికి బంతి వల అంచుకి తగిలి, అటా ఇటా అని ఆలోచించుకున్నట్టు ఒక్క క్షణం నిలిచి, ఫ్యాక్టరీ వైపు రాలింది.

ఓడిపోయారు.

మాస్టారు మొహం చేతుల్లో పెట్టుకుని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడ్చాడు. కూతురు గాభరాగా స్ప్రే తీసింది. ఆయన అడ్డంగా తలూపాడు.

"నొప్పి కాదమ్మా. ఏడవనీ. వాడు ఇది చూడలేదే. ఇంత ఆట వాడు చూడలేదే."

తమ్ముడు పోయినప్పటి నుంచీ దాచుకున్నదంతా ఆ గ్యాలరీలో, అంతమంది మధ్య, అలా బయటికొచ్చింది. భార్య ఆయన వీపు మీద చెయ్యి వేసి తనూ ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

చెమటోడుతున్న జట్టంతా మెట్లెక్కి వచ్చింది. నిచ్చెన ఎదురుగా తలొంచుకుని నిలబడింది. "గెలవలేకపోయాం మాస్టారూ."

ఆయన చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. "నాలుగో సెట్లో ఆ ఆఖరి బంతికి ముందు అడుగు ఎటు వేశావు?"

"ఎడమకి. తప్పా?"

"నేనైతే కుడికి వెయ్యమనేవాణ్ణి. మా తమ్ముడు ఎడమకే వెయ్యమనేవాడు. ఈ విషయం మీద మేం రెండేళ్ళు పోట్లాడుకున్నాం." ఆయన మొహంలోకి నవ్వు వచ్చింది. "వెధవ, వాడే గెలిచాడు."

ఆయన నోట చిన్న మాస్టారి మాట విని ఆ అమ్మాయిలు ఒక్క క్షణం బిత్తరపోయారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలెట్టారు. చిన్న మాస్టారు ఎవరిని ఎలా తిట్టేవాడో, ఎవరికి బూట్ల తాడు కట్టుకోవడం నేర్పాడో, వానలో ప్రాక్టీసు పెట్టి ఎలా జారిపడ్డాడో. ఇన్నాళ్ళూ మాస్టారు బాధపడతాడని వాళ్ళూ దిగమింగుకున్నారు మరి. ఓడిన జట్టు అంత గోల చెయ్యడం చూసి గెలిచిన జట్టు వాళ్ళు తెల్లబోయారు.

తర్వాత తీసిన స్కాన్లో గుండె ముందుకన్నా బాగా పనిచేస్తోందని తేలింది. మందులు జీవితాంతం వాడాలి, నడక మానకూడదు, కింది అంతస్తు గది కూడా మానకూడదంది డాక్టరమ్మ. అక్కడికి ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ వెళ్తున్నారు. ఇప్పటికీ కొన్ని రోజులు ఆయనకి బరువుగానే తెల్లవారతాయి. అలాంటప్పుడు ఆ మాట భార్యతో చెప్తాడు. ఆమె టీ కలుపుకొచ్చి పక్కన కూర్చుంటుంది.

కొత్త పోటీలు మొదలయ్యేనాటికి మాస్టారు కోచ్‌గా బెంచీ ఎక్కాడు. మొదటి మ్యాచ్‌లో రిఫరీ ఒక బంతి బయట పడిందన్నాడు. గ్యాలరీలోంచి ఒకావిడ లేచి, అద్దాలు అరగదీసే కళ్ళు తనవని, బంతి గీత మీదే పడిందని, కావాలంటే ఆయనకి మంచి కళ్ళజోడు తనే చేయించి పెడతానని స్టేడియం దద్దరిల్లేలా చెప్పింది. రిఫరీ ఆవిడ వైపు పసుపు కార్డు ఎత్తి చూపాడు.

మాస్టారు బెంచీ మీంచి వెనక్కి తిరిగి, "కూర్చో తల్లీ, కూర్చో, బీపీ పెరుగుతుంది" అన్నాడు భార్యతో. ఆవిడ కూర్చోలేదు.